ముల్కీలు, గైరుముల్కీలు

సికిందరాబాదు నుండి వాడి జంక్షనునకు పోవు రైలు వికారాబాదు దాటి, తాండూరు చేరి, అచ్చటి నుండి కన్నడసీమలో ప్రవేశించును. తాండూరు బజారులో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును ఒక్క బేరములోనే వినవచ్చును. ఎవరు ఈ సీమవారు, ఎవరు పైసీమవారు అని మాటనుబట్టి తేల్చుట అచ్చట సాధ్యము కాదు. అయినను ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనవలసిన అవసరము ఆ ఊరి యువకునికి ప్రతి తరమునను కలుగుచునే వచ్చినది. సర్కారు కొలువునకు దరఖాస్తు పెట్టునపుడు చదువును తెలుపు పత్రముతోపాటు తాను స్థానికుడనని తెలుపు పత్రమును గూడ అతడు జతపరుపవలయును. ఆ రెండవ పత్రమునకు సుదీర్ఘమైన చరిత్ర కలదు. ఆ చరిత్రయే ఈ ప్రసంగమునకు విషయము.

ముల్కు అనగా రాజ్యము, దేశము. ముల్కీ అనగా ఆ రాజ్యమునకు చెందినవాడు. గైరు అనునది కాని వానిని తెలుపు మాట. కావున గైరుముల్కీ అనగా ఆ రాజ్యమునకు చెందనివాడు. ఈ మాటలు నైజాము రాజ్యమున కచ్చేరీలలో పుట్టి, బజారులలో వ్యాపించి, తుదకు దేశపు అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినవి. అయితే మాట క్రొత్తది గాని తగవు క్రొత్తది కాదు.

వికారాబాదు నుండి ఒక రైలుమార్గము ఉత్తరముగా బీదరునకు పోవును. ఆ బీదరు బహమనీ సుల్తానులకు రాజధాని. అంతకుముందు వారి రాజధాని గులబర్గా. 1347లో స్థాపింపబడిన ఆ రాజ్యమున కొలువు చేయువారు కాలక్రమమున రెండు పక్షములైరి. దక్కనులో పూర్వమే స్థిరపడినవారు దక్కనీలు. ఇరాను, తురాను, అరబ్బుదేశముల నుండి క్రొత్తగా వచ్చినవారు అఫాఖీలు. వీరిని పరదేశులనియు పిలిచెడివారు. దక్కనీలలో పెక్కుమంది పూర్వులు కూడ ఒకప్పుడు ఉత్తరదేశము నుండి వచ్చినవారే. ముందు వచ్చినవాడు స్థానికుడు, వెనుక వచ్చినవాడు విదేశీయుడు అను లెక్క అప్పటిదే. పారసీకదేశపు గిలాను నుండి వచ్చి ప్రధానియైన మహమూదు గవాను ఈ రెండు పక్షములకును పదవులు సమముగా పంచి రాజ్యమును నిలుపజూచెను. కాని 1481లో ప్రత్యర్థులు సృష్టించిన దొంగజాబును నమ్మి సుల్తాను ఆయనకు మరణదండనము విధించెను. ఆ పిమ్మట కొలది దశాబ్దములలో బహమనీ రాజ్యము ఐదు ముక్కలయ్యెను. కొలువుల పంపిణీలో న్యాయము లోపించినదను అనుమానము రాజ్యములను గూడ కూల్చగలదని ఆ కథ చెప్పుచున్నది.

అసఫ్‌జాహీల కాలమున ఈ ప్రశ్న మొదట ఒప్పందపు రూపము తాల్చినది సైన్యము విషయమున. 1798లో నిజాము ఆలీఖాను ఆంగ్ల కంపెనీతో చేసికొనిన సంధి ప్రకారము తన కొలువులోని ఫ్రెంచివారిని తొలగింపవలసి వచ్చెను. కంపెనీ సమ్మతి లేక ఐరోపావాసులను కొలువులోనికి తీసికొనరాదనియు అంగీకరింపవలసి వచ్చెను. ఒక రాజు తన ఇంట ఎవరిని పనికి పెట్టుకొనవలెనో పొరుగు ప్రభుత్వము నిర్ణయించుట అది. విదేశీయుని కొలువు అనునది కేవలము జీతపు విషయము కాదనియు, అధికారపు విషయమనియు అప్పుడే స్పష్టపడెను.

1853 నుండి 1883 వరకు దివానుగా ఉండిన మొదటి సాలార్‌జంగు పరిపాలనను సంస్కరింపబూని, రెవెన్యూ, న్యాయము, పోలీసు, విద్యాశాఖలను క్రొత్త పద్ధతిని ఏర్పరచెను. ఆ పనులు తెలిసినవారు రాజ్యములో తగినంతమంది లేరని తలచి, 1870 దశకమున ఉత్తర హిందూస్థానము నుండి విద్యావంతులను రావించెను. సయ్యదు హుస్సేను బిల్గ్రామీ, మొహ్సినుల్‌ముల్కు బిరుదు పొందిన మెహదీఆలీ, వికారుల్‌ముల్కు బిరుదు పొందిన ముష్తాఖు హుస్సేను, చిరాగు ఆలీ ఇట్లు వచ్చినవారు. వారు సమర్థులు. వారు చేసిన సేవయు గొప్పది. కాని వారివెంట వారి బంధువులు, మిత్రులు, శిష్యులు రాసాగిరి. 1884లో పారసీకమునకు బదులు ఉర్దూ రాజభాష కాగా, ఉత్తరదేశీయులకు మార్గము మరింత సుగమమయ్యెను. పాత దఫ్తరులలో పారసీకముతో తరతరములుగా బ్రతికిన కుటుంబములకు తమ కాలిక్రింది నేల కదలినట్లయ్యెను.

ఇచ్చట ఒక పేరును గూర్చి చెప్పవలయును. వికారుల్‌ముల్కు వేరు, వికారుల్‌ఉమ్రా వేరు. మొదటివాడు కొలువు చేయవచ్చిన పరదేశి. రెండవవాడు పాయెగా వంశమునకు చెందిన స్వదేశపు అమీరు. ఫలక్‌నుమా మహలును కట్టించినవాడును, ఆ శతాబ్దపు చివరి సంవత్సరములలో ప్రధానిగా ఉండినవాడును ఈయనయే. వికారాబాదు పట్టణము ఈ రెండవవాని పేరున వెలసినది. ఒకే ధ్వనిగల రెండు బిరుదులలో ఆనాటి రెండు పక్షములును ఇమిడియున్నవి.

పరదేశులు వచ్చుటకు దారి కూడ అప్పుడే పడెను. 1874లో వాడి నుండి హైదరాబాదునకు రైలుమార్గము తెరువబడెను. బొంబాయి నుండి మద్రాసునకు పోవు గొప్ప మార్గము వాడిమీదుగా పోవును గనుక, బొంబాయిలో బండియెక్కినవాడు వాడిలో మారి, తాండూరు, వికారాబాదుల మీదుగా రాజధాని చేరగలిగెను. వాడి దాటి వచ్చువానికి తెలుగు మాట తొలుత చెవిని బడునది తాండూరు ప్రాంతముననే. మాసములు పట్టు ప్రయాణము దినములలోనికి వచ్చెను. రైలు సరకులను తెచ్చినట్లే ఉద్యోగార్థులను గూడ తెచ్చెను. నాటి నుండి ముల్కీ, గైరుముల్కీ అను మాటలకు వాడి పెరిగెను.

ఈ వాడి మాటలకు చట్టరూపము పూర్ణముగా ఏర్పడినది 1919లో. ఏడవ నిజాము మీర్ ఉస్మాను ఆలీఖాను ఫర్మాను ననుసరించి, హైదరాబాదు సివిలు సర్వీసు నిబంధనలలో ముల్కీ నియమములు చేర్పబడెను. నిజాము ప్రత్యేకానుమతి లేక, ముల్కీ కానివానిని పై తరగతి కొలువులో గాని క్రింది తరగతి కొలువులో గాని నియమింపరాదు. ఇదియే ప్రధాన సూత్రము. మరి ముల్కీ యెవడు? జన్మచే హైదరాబాదు రాజ్యప్రజ యైనవాడు ముల్కీ. తాను పుట్టునప్పటికి తండ్రి పదునైదేండ్లు సర్కారు సేవ పూర్తిచేసి కొలువులో నుండినచో ఆ బిడ్డయు ముల్కీ. ముల్కీని పెండ్లాడిన స్త్రీయు ముల్కీ. ఇక పైనుండి వచ్చినవానికి నాలుగవ దారి కలదు. రాజ్యములో కనీసము పదునైదేండ్లు స్థిరనివాసము చేసియుండవలయును. పూర్వపు నివాసమునకు మరలిపోవు తలంపును విడిచిపెట్టి యుండవలయును. ఆ మాటను నిర్ణీత పత్రముమీద ప్రమాణపూర్వకముగా వ్రాసి, మేజిస్ట్రేటుచే ధ్రువపరచుకొనవలయును.

ఈ మూడవ షరతును ఒక్కింత ఆలోచింపుడు. పదునైదేండ్ల లెక్క గుమాస్తా చూడగలడు. కాని పుట్టినయూరికి మరలిపోవు తలంపు మనసులో మిగిలియున్నదో లేదో ఏ గుమాస్తా చూడగలడు? తల్లి యున్న ఊరు, తాతలు నాటిన చెట్టు, ఇవన్నియు నాకిక లేవని మేజిస్ట్రేటు ఎదుట వ్రాసియిచ్చిన మనుష్యుని మనఃస్థితి యెట్టిదో ఊహింపవచ్చును. రాజ్యము పనికి వచ్చినవానితో చేసికొనిన ఒప్పందము అది: నీవు మా అన్నము తినదలచినచో, నీ ఊరిని మరచినట్లు వ్రాసియిమ్ము. కఠినమైన షరతే. కాని దానికి రెండవ ప్రక్కయు కలదు. అది తలుపును పూర్తిగా మూయలేదు. ఓపికతో నిలిచినవానికి ఇల్లు ఇచ్చెను. కొలువు కొరకు వచ్చి, సంపాదించుకొని పోవువాని నుండి, వచ్చి ఇచ్చటివాడైన వానిని వేరుచేయుటయే దాని యుద్దేశము.

ఆ సంవత్సరముననే ఉస్మానియా విశ్వవిద్యాలయమున తరగతులు ప్రారంభమయ్యెను. అచ్చట ఉర్దూ బోధనభాష. పట్టభద్రులు సంవత్సరమునకు సంవత్సరము పెరుగుచుండ, కొలువులు మనవారికే చెందవలయునను కోరిక సహజముగనే బలపడెను. 1935లో నిజాము ప్రజల సంఘము ఏర్పడి, హైదరాబాదు హైదరాబాదీలదే యను నినాదము నెత్తెను. ఆ సంఘమున హిందువులును మహమ్మదీయులును కలిసి పనిచేసిరి.

అయినను తాండూరు తాలూకా పల్లెలోని రైతుబిడ్డకు ఈ నియమముల వలన కలిగిన మేలెంత? అతడు ఏడుతరముల ముల్కీ. అతని ముల్కీతనమును శంకించువాడు లేడు. కాని పై కొలువునకు ఉర్దూలో పై చదువు కావలయును. అతని ఇంట తెలుగో కన్నడమో తప్ప ఉర్దూ లేదు. దగ్గరలో ఉన్నత పాఠశాల లేదు. కాగితముమీద అతనికొరకు ఉంచబడిన కుర్చీ, పట్టణమున ఉర్దూ చదివిన ముల్కీకి పోయెను. స్థానికుడగుట యొక అర్హత మాత్రమే. ఆ అర్హతను అనుభవింపజేయునది చదువు. ఈ సత్యము ముల్కీ నియమముల చరిత్ర పొడుగునను తిరిగి తిరిగి కనబడును.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి, హైదరాబాదు భారతదేశములో విలీనమయ్యెను. పరిపాలన నడపుటకు మద్రాసు, బొంబాయి, మధ్యపరగణాల నుండి ఉద్యోగులు వచ్చిరి. ఇప్పుడు కొలువునకు ఇంగ్లీషు ముఖ్యమయ్యెను. నిన్నటి వరకు ఉర్దూ లేనందున వెనుకబడిన పల్లెవాడు, నేడు ఇంగ్లీషు లేనందున వెనుకబడెను. ఉర్దూ చదివిన పట్టణవాసియు అతని ప్రక్కనే వచ్చి నిలిచెను. ముల్కీ పత్రములు నిజముగా అర్హులైనవారికే కాక, వచ్చి కొలదికాలమైన వారికి గూడ దొరకుచున్నవని ఫిర్యాదులు పుట్టెను. పదునైదేండ్లు కావలసినచోట పైకము పనిచేయుచున్నదను మాట విద్యార్థుల నడుమ వ్యాపించెను.

1952లో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రిగా ఉండగా వరంగల్లులో ప్రారంభమైన విద్యార్థుల ఆందోళనము హైదరాబాదునకు ప్రాకెను. నాన్‌ముల్కీలు వెనుకకు పొండు అని కేకలు చెలరేగెను. ఇడ్లీ సాంబారు పొమ్మను నినాదమును వినబడెను. కొలువుమీది కోపము కూటిమీదికి తిరుగుట ఎంత సులభమో దీనివలన తెలియును. సెప్టెంబరు 3, 4 తేదీలలో సిటీ కాలేజీ ప్రాంతమున పోలీసులు కాల్పులు జరుపగా ప్రాణనష్టము కలిగెను. విచారణకు న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డి నియమింపబడిరి. ఆ మంత్రివర్గమున వ్యవసాయశాఖను నిర్వహించిన యువకుడు మర్రి చెన్నారెడ్డి, ఆ సంవత్సరమే వికారాబాదు నుండి శాసనసభకు ఎన్నికైనవాడు. ఆయన పేరు మరల రానున్నది.

1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరిగెను. తాండూరు అంతవరకు గులబర్గా జిల్లాలోనిది. గులబర్గా జిల్లా మైసూరు రాష్ట్రమునకు పోయినను, కొడంగలు, తాండూరు తాలూకాలు మాత్రము తెలుగువారితో నిలిచి ఆంధ్రప్రదేశములో చేరెను. అక్టోబరు 31 రాత్రి వరకు తాండూరువాడును, ప్రక్కనున్న సేడమువాడును ఒకే జిల్లావారు, ఒకే ముల్కీలు. తెల్లవారుసరికి వారి నడుమ రాష్ట్రపు సరిహద్దు వచ్చినది. పెండ్లిసంబంధములు, పొలములు, అప్పులు రెండు ప్రక్కల నుండగా, కొలువులు మాత్రము వేరయ్యెను.

అంతకుముందు ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకుల నడుమ పెద్దమనుష్యుల ఒప్పందము కుదిరెను. తెలంగాణము పక్షమున సంతకము చేసినవారు బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. తరువాత 1978లో వికారాబాదు, తాండూరులతో ఏర్పడిన జిల్లాకు ఈ రంగారెడ్డి పేరే పెట్టబడినది. కొలువులలో తెలంగాణమునకు రావలసిన భాగము దక్కుటకై, పండ్రెండేండ్ల నివాసము వంటి నియమమేదైన ఏర్పరుపవలెనని ఆ ఒప్పందమున వ్రాసికొనిరి. నిజాము ఫర్మాను పోయినను దాని ఆలోచన పోలేదన్నమాట.

కాని మధ్యలో రాజ్యాంగము వచ్చియుండెను. దాని పదునారవ అధికరణము ప్రకారము నివాసస్థానమును కారణముగా చూపి భారత పౌరునికి ప్రభుత్వోద్యోగము నిరాకరింపరాదు. నివాసపు షరతు విధింపదగినచో, ఆ అధికారము పార్లమెంటుకు మాత్రమే కలదు. ఆ అధికారముతో పార్లమెంటు 1957లో ఒక చట్టము చేసెను. దాని ననుసరించి 1959 నిబంధనలు వచ్చెను. తెలంగాణములోని కొన్ని తరగతుల ఉద్యోగములకు అభ్యర్థి ఆ ప్రాంతమున పదునైదేండ్లు నివసించి యుండవలయునని అవి చెప్పెను. ఐదేండ్లకని పెట్టిన ఈ ఏర్పాటు 1964లో పొడిగింపబడెను.

1969 జనవరిలో కొత్తగూడెము ప్రాంతపు విద్యుత్కేంద్రమున స్థానికులకు రావలసిన ఉద్యోగములు ఇతరులకు పోవుచున్నవని మొదలైన ఆందోళనము తెలంగాణమంతట వ్యాపించెను. మార్చి 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. రాజ్యాంగము రాష్ట్రములో నివాసమును గూర్చి చెప్పినది గాని, రాష్ట్రములోని ఒక భాగమున నివాసమును గూర్చి చెప్పలేదు. కావున తెలంగాణమునకు సంబంధించిన నివాస నియమము చెల్లదనెను. న్యాయశాస్త్రమున ఆ వాదము సూటియైనది. కాని పదమూడేండ్ల క్రిందట వ్రాసిచ్చిన మాట నీటివ్రాత యయ్యెనని జనులు తలచిరి. అప్పుడు తెలంగాణ ప్రజాసమితికి నాయకత్వము వహించినది చెన్నారెడ్డి. ఆయన 1967లో తాండూరు నుండి గెలిచి, ఆ ఎన్నికను 1968లో న్యాయస్థానము రద్దుచేయగా, పదవిలేక యుండెను. ఒప్పందముమీద సంతకము చేసిన చేతితోనే ఆయన ఒప్పందము భగ్నమైనదని జెండా నెత్తెను.

ఇంతలో కథ మరియొక మలుపు తిరిగెను. 1957 చట్టము చెల్లకపోయిన పిమ్మట, 1919 నాటి నిజాము నియమములు ఇంకను బ్రతికియున్నవా అను ప్రశ్న పుట్టెను. ఉన్నవని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెప్పెను. రాజ్యాంగము అమలులోనికి వచ్చునప్పటికి ఉండిన ఇట్టి శాసనములు పార్లమెంటు మార్చునంతవరకు నిలుచునను ముప్పదియైదవ అధికరణము దానికి ఆధారము. రాజు పోయి, రాజ్యము పోయి, ఆ రాజ్యము మూడు రాష్ట్రములలో కలిసిపోయిన పదునారేండ్లకు, ఆ రాజు ఫర్మాను తలయెత్తి నిలిచెను. ఈసారి కోస్తా, రాయలసీమలలో అలజడి పుట్టెను. తమ రాజధానిలో తామే పరాయివారమైతిమని వారనిరి. తెలంగాణమువారి బాధ నిజము. ఆంధ్రమువారి బాధయు నిజము. ఒకే నియమము ఒకరికి గొడుగై, మరియొకరికి గోడయయ్యెను.

1972 నవంబరు చివర ప్రధానమంత్రి ఇందిరాగాంధి ఐదు సూత్రములు ప్రకటించిరి. ముల్కీ నియమములు జంటనగరములలో 1977 చివరి వరకు, తక్కిన తెలంగాణమున 1980 చివరి వరకు నిలుచునని అందొకటి. అది ఎవరిని తృప్తిపరుపలేదు. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చెను. సెప్టెంబరు 21న ఆరుసూత్రముల పథకము కుదిరెను. ముల్కీ నియమములు రద్దయ్యెను. రాజ్యాంగమునకు ముప్పదిరెండవ సవరణ జరిగి, 371-డి అధికరణము చేరెను.

1975 అక్టోబరు 18 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రొత్త లెక్కను తెచ్చెను. ముల్కీ అను మాట పోయి స్థానిక అభ్యర్థి అను మాట వచ్చెను. రాష్ట్రము ఆరు మండలములుగా విభజింపబడెను. జిల్లాస్థాయి గుమాస్తా కొలువులలో నూటికి 80, వానికి పైనున్న గెజిటెడు కాని కొలువులలో 70, కొన్ని గెజిటెడు కొలువులలో 60 స్థానికులకు ఉంచబడెను. స్థానికత్వమునకు కొలమానము గూడ మారెను. తండ్రి యెవరు, ఎన్ని యేండ్లు ఉంటివి, మనసులో ఏమున్నది అను ప్రశ్నలు వెనుకబడెను. వరుసగా నాలుగు విద్యాసంవత్సరములు ఎచ్చట చదివితివి అనునది ముఖ్యప్రశ్న యయ్యెను. ప్రమాణపత్రము స్థానమును బడి రిజిస్టరు ఆక్రమించెను. ఇది చిన్న మార్పు కాదు. నిజాము నియమమున పల్లెబిడ్డను వెలితిపరచిన చదువే ఇప్పుడు స్థానికత్వమునకు సాక్షి యయ్యెను.

ఈ ఉత్తర్వు సరిగా అమలు జరుగలేదను ఫిర్యాదులమీద 1985 డిసెంబరు 30న 610 సంఖ్యగల ప్రభుత్వ ఉత్తర్వు వెలువడెను. దానికి తరువాతను ఎన్నో ఏండ్లు ఆ సంఖ్య తెలంగాణమున ఇంటింట వినబడెను. 2014 జూన్ 2న తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమయ్యెను. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా ఏర్పడి, తాండూరు అందు చేరెను. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు స్థానికుల భాగమును నూటికి 95కు పెంచెను. ఒకటవ తరగతి నుండి ఏడవ తరగతి వరకు గల చదువులో అధికభాగము ఎచ్చట సాగినదో అచ్చటివాడు స్థానికుడనెను.

కాని కొలువుల మండలములను గీయునపుడు వికారాబాదు జిల్లా జోగులాంబ మండలమున, అనగా పాలమూరు వైపు, చేరెను. అంతవరకు హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలతో కలిసియున్నవారికి ఇది రుచింపలేదు. తమను చార్మినారు మండలమున చేర్చవలెనని జిల్లావాసులు కోరగా, 2021లో అట్లే మార్పబడెను. పటముమీద గీత యొకటి జరుగుటవలన ఒక జిల్లా యువకుల పోటీదారులు మారిపోయిరి. అటు సరిహద్దు కావల, సేడమువారికి 2012లో జరిగిన తొంబదియెనిమిదవ సవరణ 371-జె అధికరణమును ఇచ్చెను. గులబర్గా, బీదరు మొదలగు జిల్లాలవారికి కొలువులలో, చదువులలో ప్రత్యేకభాగము దానివలన కలిగినది. 1956 వరకు ఒకే నియమముక్రింద నుండిన రెండు పొరుగూళ్లు నేడు రాజ్యాంగములోని రెండు వేరు అధికరణములక్రింద నున్నవి. రెండింటి వేళ్లును పాత నిజాము రాజ్యపు నేలలోనివే. సరిహద్దు ప్రక్క పల్లెలోని తండ్రి, బిడ్డను ఏ బడిలో చేర్పవలెనని ఆలోచించునపుడు, తెలిసియో తెలియకయో ఈ అధికరణములను గూర్చియే ఆలోచించుచున్నాడు.

ఇంతవరకు చెప్పినదంతయు సర్కారు కొలువు కథ. కాని తాండూరు పేరు లోకమునకు తెలిసినది కచ్చేరీల వలన కాదు, బండల వలన. పొరలుపొరలుగా విడిపోవు ఆ సున్నపురాయి పసుపు, నీలి వన్నెలలో దేశమున లెక్కలేని ఇండ్లకు నేలయైనది. మనలో పెక్కుమంది పాదము మోపునది తాండూరు బండమీదనే. ఆ బండను తీయువాడు, పాలిషుపట్టువాడు, లారీకెత్తువాడు ముల్కీయా, గైరుముల్కీయా అని ఏ ఫర్మానును అడుగలేదు. అతనికి 1919 నియమము గాని 1975 ఉత్తర్వు గాని వర్తింపలేదు. నూరేండ్లు వాదించిన నాయకులును న్యాయవాదులును కచ్చేరీ కుర్చీని గూర్చి వాదించిరే కాని, గని గోతిలోని మనుష్యుని ఒప్పందమును గూర్చి తక్కువగా మాటలాడిరి.

గనులలో, కట్టడములలో పని గుత్తేదారు చేతిమీదుగా సాగుట దక్కనులో పాత వాడుక. పాలమూరు కూలీల కథ ఇందుకు నిదర్శనము. గుంపుమేస్త్రీ పల్లెకు వచ్చి బయానా ఇచ్చును. కుటుంబము కుటుంబమే దూరదేశమునకు ఆనకట్ట పనికో, కాలువ పనికో తరలిపోవును. బయానాయే ఒప్పందము, మేస్త్రీ నోటిమాటయే షరతులు. తీరనిచో బయానాయే సంకెల. ఈ కూలీలు తమ రాష్ట్రమున స్థానికులు, పోయినచోట పరదేశులు.

ఇట్టివారికొరకు శాసనములు ఆలస్యముగా వచ్చెను. 1970లో గుత్త కార్మికుల చట్టము, 1976లో వెట్టి కార్మిక పద్ధతి నిర్మూలన చట్టము, 1979లో అంతరరాష్ట్ర వలస కార్మికుల చట్టము వెలువడెను. ఈ మూడవదాని నిబంధనలు వినదగినవి. గుత్తేదారుడు వేరురాష్ట్రము నుండి ఐదుగురిని గాని, అంతకెక్కువమందిని గాని పనికి తెచ్చినచో, ప్రతివానికిని ఫోటోతో కూడిన పాసుపుస్తకము ఇచ్చి, కూలిరేటు, పని కాలము అందు వ్రాయవలసియుండెను. ఇల్లు విడిచి వచ్చినందుకు నెల జీతములో సగము గాని, 75 రూపాయలు గాని, ఏది ఎక్కువైన అది ఇయ్యవలసియుండెను. దానిని తిరిగి పుచ్చుకొనరాదని ఆ చట్టము చెప్పెను. రానుపోను ఖర్చు భరింపవలసియుండెను. అదే పని చేయు స్థానికునికిచ్చు కూలియే ఇయ్యవలసియుండెను. 2020లో పార్లమెంటు ఈ చట్టమును, మరికొన్నింటిని కలిపి ఒక స్మృతిగా చేసినది.

ముల్కీ నియమమును ఈ చట్టమును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మొదటిది వచ్చినవానిని నీ ఊరు విడిచితినని వ్రాసియిమ్మన్నది. రెండవది వానిని తెచ్చినవానిని, నీవు వీనికేమి ఇత్తువో వ్రాసియిమ్మన్నది. మొదటిదానిలో వ్రాతబాధ్యత బలహీనునిది, రెండవదానిలో బలవంతునిది. నూరేండ్ల ప్రయాణమున మనము నేర్చినదేమైన ఉన్నచో అది ఈ తేడాలో నున్నది. అయితే దీనికి గూడ గీత యొకటి కలదు. సేడము నుండి తాండూరు గనికి గుత్తేదారు తెచ్చినవాడు ఆ చట్టమున వలస కార్మికుడు. దానికి ఎన్నో రెట్ల దూరమున తన రాష్ట్రములోని మారుమూల నుండి వచ్చినవాడు కాడు. దూరము మైళ్లతో గాక సరిహద్దుతో కొలువబడినది.

స్థానికునికి తొలిభాగము దక్కవలెనను కోరిక తప్పు కాదు. ఇంటి పొయ్యి వెలుగక పొరుగింట దీపము పెట్టమనుట ఎవరికిని ధర్మము కాదు. ముల్కీ ఉద్యమముల వెనుక నుండినది ద్వేషము కాదు, చదివిన బిడ్డ ఇంట ఊరక కూర్చుండుట చూడలేని తల్లిదండ్రుల దిగులు. కాని చరిత్ర మరియొక మాటయు చెప్పుచున్నది. అఫాఖీ మనుమడు దక్కనీ యయ్యెను. గైరుముల్కీ కొడుకు ముల్కీ యయ్యెను. నిన్నటి పరదేశి నేడు క్రొత్తవానిని చూచి పరదేశి యనుచున్నాడు. కావున ఎవడు ముందు వచ్చెననునది ఒక్కటియే న్యాయమునకు కొలత కాజాలదు. స్థానికునికి చదువు, వచ్చినవానికి వ్రాతపూర్వకమైన షరతులు, ఇద్దరికిని ఒకే పనికి ఒకే కూలి, ఈ మూడును ఉన్నచోట ఆ తగవు చాలవరకు తనంతట చల్లారును.

తాండూరు స్టేషనులో నేటికిని రెండు దిక్కుల నుండియు బండ్లు వచ్చుచున్నవి. ఒక బండి నుండి పనివెదకి వచ్చినవాడు దిగుచున్నాడు. మరియొక బండిలో ఆ ఊరివాడే పనివెదకి ఎక్కుచున్నాడు. దిగువాడు ఇచ్చట పొందు ఆదరమును బట్టియే, ఎక్కువాడు మరియొకచోట ఎట్టి ఆదరము కోరదగునో నిర్ణయమగుచున్నది.